తలుపు తెరిచిన ఇంటి కావలి

లండను నగరంలోని పికడిల్లీ వీధిలో బ్రామా వారి తాళాల అంగడి ఉండేది. ఆ అంగడి కిటికీలో 1790 ప్రాంతం నుంచి ఒక తాళంకప్పను ప్రదర్శించి, దానిని చెవి లేకుండా తెరవగల పనిముట్టును చేసి తెచ్చిన పనివానికి అక్కడికక్కడే 200 గినీలు బహుమానంగా ఇస్తామని పలకమీద వ్రాయించి పెట్టారు. అరవై యేళ్ళపాటు ఆ బహుమానం అందుకొన్నవాడు లేడు. 1851లో అక్కడ జరిగిన మహాప్రదర్శనకు అమెరికా నుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే తాళాల నిపుణుడు ఆ పందానికి సిద్ధపడ్డాడు. 16 రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు శ్రమపడి తాళం తెరిచాడు. అంతకుముందే, ఎవరికీ లొంగదని ఆంగ్లేయులు నమ్ముకొన్న చబ్ వారి తాళాన్ని అరగంట లోపల తెరిచి చూపించాడు.

అతడు చేసినది మెచ్చదగిన పనా, మందలించదగిన పనా అని నగరంలో వాదం చెలరేగింది. తాళాలలోని లోపాలను నలుగురి ముందు విప్పి చెప్పడం దొంగలకు పాఠం చెప్పడమే కదా అని కొందరు ఆక్షేపించారు. హాబ్స్ అనుభవం ఆధారంగా 1853లో వెలువడిన గ్రంథం ఈ ఆక్షేపణకు సమాధానం ఇచ్చింది. దొంగలు తమ విద్యలో ఒకరి దగ్గర పాఠాలు చెప్పించుకోనక్కరలేదు. తాళం సంగతి తెలియనివాడల్లా దానిని డబ్బిచ్చి కొనుక్కొని, తలుపుకు వేసి, నిశ్చింతగా నిద్రపోయే గృహస్థు మాత్రమే అని ఆ సమాధానం సారాంశం.

ముప్పై యేళ్ళ తరువాత ఇదే భావాన్ని మరొకరు మరింత నిక్కచ్చిగా చెప్పారు. పారిస్‌లో భాషలు బోధిస్తూ ఉండిన ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అనే డచ్చి దేశీయుడు, 1883లో సైనికుల గూఢలేఖనాన్ని గురించి వ్యాసం వ్రాస్తూ, గూఢలిపి పద్ధతి యావత్తూ శత్రువు చేతికి చిక్కినా నష్టం కలగకూడదని నియమం పెట్టాడు. రహస్యంగా ఉండవలసినది తాళంచెవి, తాళం కాదు. ఈయనే తరువాతి కాలంలో, ప్రపంచంలోని ప్రజలందరూ మాట్లాడుకొనడానికి కల్పించిన వోలాప్యూక్ అనే భాషకు ప్రముఖ ప్రచారకుడైనాడు. అందరికీ తెరిచిన భాష కోసం పాటుపడిన మనిషే రహస్య రచనకు మూలసూత్రం చెప్పడం విడ్డూరంగా తోచవచ్చు. కాని భాషల మధ్య పనిచేసేవారికి ఇందులో విడ్డూరమేమీ కనిపించదు. ఏ మాటను అలాగే నిలుపుకోవాలో తెలియాలంటే ఏ మాటను ధారాళంగా విడిచిపెట్టవచ్చునో ముందు తెలిసి ఉండాలి.

ఇరవయ్యవ శతాబ్దం చివరి భాగంలో, కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేరును కలిసి వ్రాసుకొని, దాని సోర్సు కోడును లోకానికంతటికీ విప్పి చూపే సమాజాలు బయలుదేరినప్పుడు ఇట్టి కథలు వాటికి పురాణ ప్రమాణాల వంటివైనాయి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను బయట పెట్టారు. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా తప్పు పట్టవచ్చు, ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు. పంపిన ప్రతి దిద్దుబాటూ, దాని మీద జరిగిన ప్రతి చర్చా, పేరుతో తేదీతో సహా శాశ్వతంగా నిలిచి ఉంటాయి. చూసే కళ్ళు ఎక్కువైతే తప్పు దాగదన్నది ఆ సమాజాల విశ్వాసం. ఊరి తగవు రచ్చబండ మీద తీర్చినట్లుగా అక్కడ అన్నీ బహిరంగంగా జరుగుతాయి.

ఆ విశ్వాసం అబద్ధం కాదు. అయితే రచ్చబండ ఎంత విశాలమైనదైనా దాని మీద వచ్చి కూర్చునేవారు ఉండాలి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే గూఢలేఖన సాధనంలో హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టిన ఘోరమైన లోపం బయటపడింది. ప్రపంచంలోని బ్యాంకులూ, దుకాణాలూ తమ గుట్టును అప్పగించిన సాధనమది. రెండు సంవత్సరాలుగా ఆ లోపం అందరి కళ్ళ ముందే ఉన్నది. ఆ సాధనాన్ని కాపాడుతూ వచ్చినవారు గుప్పెడుమంది. వారి సంస్థకు అంతవరకు ఏడాదికి అందుతూ వచ్చిన విరాళాలు 2,000 డాలర్ల ప్రాంతమని తరువాత తెలిసి లోకం ఆశ్చర్యపోయింది. కళ్ళు కోట్లకొలది ఉన్నవి, చూసినవారు లేరు.

హార్ట్‌బ్లీడ్ పొరపాటున దొర్లిన తప్పు. అంతకంటె ఎక్కువగా ఆలోచింపజేసేది పదేళ్ళ తరువాత జరిగిన మరొక ఉదంతం. అక్కడ పొరపాటు లేదు. బుద్ధిపూర్వకంగా, ఓపికగా, ఏళ్ళ తరబడి పన్నిన పన్నాగం ఉన్నది.

ఎక్స్‌జెడ్ యుటిల్స్ అని ఒక చిన్న సాధనం ఉన్నది. పెద్ద ఫైళ్ళను కుదించి చిన్నవిగా చేయడం దాని పని. పందిరికి రాట వంటిది. దాని మీద ఎవరి దృష్టీ నిలవదు, కాని లినక్స్ నడిచే చోట్ల చాలావాటిలో అది ఉంటుంది. 2009 నుంచి దానిని పోషిస్తూ వచ్చినది ఫిన్లాండు దేశస్థుడొకాయన. జీతం లేదు, గుమాస్తా లేడు. తీరిక వేళలలో చేసే పని. 2021 చివర జియా టాన్ అనే పేరుతో ఒక వ్యక్తి ఆయనకు చిన్న చిన్న దిద్దుబాట్లు పంపడం మొదలుపెట్టాడు. అవి మంచి దిద్దుబాట్లు. ఆ వ్యక్తి మర్యాదగా వ్రాసేవాడు, చెప్పిన పని చేసేవాడు.

2022 వేసవిలో మరికొన్ని పేర్లు రంగంలోకి వచ్చాయి. వాటి ధోరణి వేరు. పంపిన దిద్దుబాట్లు నెలలకొలది మూలబడి ఉన్నాయని ఒకరు దెప్పారు. నిర్వాహకునికి ఆసక్తి లేకపోతే మరొకరికి అప్పగించరాదా అని ఇంకొకరు అడిగారు. అవి తిట్లు కావు. అవమానాలని కూడా చెప్పలేము. పనిచేసే మనిషి మనసును తేమలా పట్టి మెత్తబరిచే మాటలు. తన ఆరోగ్యం చాలాకాలంగా బాగుండడం లేదనీ, ఇది వేతనం లేని పని అని మరువవద్దనీ ఆ నిర్వాహకుడు 2022 జూన్‌లో అందరికీ కనిపించేటట్లే జవాబు వ్రాశారు. జియా టాన్ తనకు తోడుగా పనిచేస్తున్నాడనీ, ముందుముందు పెద్ద బాధ్యత తీసుకొనవచ్చుననీ కూడా అందులో ఉన్నది. ఒక మనిషి తన అలసటను దాచుకొనకుండా చెప్పుకొనడానికి వీలిచ్చినది ఆ సమాజపు బహిరంగ స్వభావమే. ఆ అలసటను ఎవరు చదువుతున్నారో ఆయనకు తెలియదు.

ఆ దెప్పిన పేర్లలో ఒకటి జిగర్ కుమార్. ఈ దేశంలో ఏ ఊళ్ళోనైనా వినబడదగిన పేరు. ఆ పేరుగలవారి జాడ మరెక్కడా దొరకలేదు. అవి అన్నీ ఒకే చేతి బొమ్మలని తరువాత పరిశీలించినవారు భావించారు. చైనా ధ్వనించే పేరు ఒకటి, భారతీయమైన పేరు ఒకటి! లోకంలోని నలుమూలల వారూ కలిసి పనిచేసే సమాజం కనుకనే ఏ మూల పేరైనా అక్కడ అనుమానం పుట్టించదు. ఆ సమాజపు అందమే ఆ మోసగానికి వేషమైనది. వేషానికి తన పేరు వాడుకొన్నారని తెలిసి ఈ దేశంలోని ఏ జిగర్ కుమార్ అయినా నవ్వుకొన్నాడో, నొచ్చుకొన్నాడో!

2023 నాటికి కొత్త విడుదలలు చేసే అధికారం జియా టాన్ చేతికి వచ్చింది. మొత్తం మీద రెండేళ్ళకు పైగా నమ్మకమైన సేవ చేసిన తరువాత, 2024 ఫిబ్రవరిలో అసలు పని జరిగింది. దొడ్డిదారిని నిర్మించిన తీరు గమనించదగినది. కుదింపు సాధనం తప్పులను పట్టగలదో లేదో పరీక్షించడానికి చెడిపోయిన ఫైళ్ళను కావాలని చేసి ఉంచుకొనడం ఆ పనిలో సహజం. విషం ఆ ఫైళ్ళలో ఉన్నది. చెడిన ఫైలును చూసి చెడినదేమిటని ఎవరూ అడగరు. ఆ విషాన్ని బయటికి తీసి కార్యక్రమంలో కలిపే మంత్రం మాత్రం అందరూ చదివే సోర్సు కోడులో లేదు. విడుదల చేసేటప్పుడు కట్టిన మూటలో ఉన్నది. అంటే బల్లమీద పరిచి చూపిన సరుకు వేరు, సంచిలో కట్టి ఇచ్చిన సరుకు వేరు. రెండూ ఒకటేనని పోల్చి చూసే అలవాటు కొనేవారికి లేదు. తెరిచి ఉన్నదని అందరూ అనుకొన్న ఇంటిలో ఆ ఒక్క గది మూసి ఉన్నదని ఎవరికీ తోచలేదు.

దూరపు కంప్యూటర్లలోకి ప్రవేశించడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ అనే ద్వారం ఆ దొడ్డిదారికి గురి. నిజానికి ఆ ద్వారానికీ ఈ కుదింపు సాధనానికీ నేరుగా సంబంధం లేదు. కొన్ని లినక్స్ పంపిణీలవారు తమ సౌకర్యం కోసం చేసుకొన్న చిన్న మార్పు వల్ల ఒకదాని వెనుక ఒకటి తగులుకొని వచ్చిన సంబంధమది. ఒక రహస్యపు తాళంచెవి గలవారు ఏ గుర్తింపూ చూపకుండా ఆ కంప్యూటర్ల చేత తమకు కావలసిన పని చేయించుకొనవచ్చును. కెర్క్‌హాఫ్స్ నియమాన్ని ఆ పన్నాగం చేసినవారు కూడా శ్రద్ధగానే పాటించారని ఒప్పుకోవాలి. తాళం సంగతి అందరికీ తెలిసిపోయిన తరువాత కూడా ఆ చెవి లేనివారు ఆ దారిని వాడుకొనలేకపోయారు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈసారి సామెత తప్పింది. కాని ఎంత స్వల్పంగా తప్పింది! మైక్రోసాఫ్ట్ సంస్థలో పనిచేస్తూ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసును తీర్చిదిద్దుతూ ఉండే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన కంప్యూటర్ మీద అతి సూక్ష్మమైన వేగాలను కొలుస్తున్నారు. అట్టి కొలతకు యంత్రం నిశ్శబ్దంగా ఉండాలి. అది ఉండడం లేదు. ఇంటర్నెట్‌లో తిరిగే చిల్లర దొంగలు ఏ యంత్రం కనబడినా తప్పుడు పేర్లతో తలుపు తట్టడం మామూలే. వారిని ద్వారం వెంటనే త్రోసివేయాలి. ఇక్కడ త్రోసివేయడానికి కూడా ద్వారం అనవసరంగా శ్రమపడుతున్నది. కొలిచి చూస్తే మునుపు 0.3 సెకను పట్టే పనికి 0.8 సెకను పడుతున్నది. కొన్ని వారాల క్రితం ఒక పరీక్షలో కనిపించిన అర్థంకాని హెచ్చరిక కూడా ఆయనకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. దారం పట్టుకొని లాగారు. చిల్లర దొంగల తలుపు చప్పుడు పెద్ద దొంగను పట్టించింది.

తాను రక్షణ శాస్త్ర నిపుణుడిని కానని ఆయనే చెప్పుకొన్నారు. అర సెకను ఆలస్యాన్ని ఉపేక్షించలేని స్వభావం మాత్రం ఉన్నది. దీనిని చాదస్తమని ఇంటివారు విసుక్కొనే రకం స్వభావం. లోకం ఇట్టి చాదస్తులకు ఎంత ఋణపడి ఉన్నదో లెక్క వేసినవారు లేరు.

ఆ తరువాత ఆయన చేసిన పనిలోనే ఈ విషయంలోని ధర్మసూక్ష్మం ఉన్నది. సంగతి తెలిసిన క్షణాన వీధిలోకి వెళ్ళి కేకవేయలేదు. ముందుగా డెబియన్ వంటి పంపిణీల రక్షణ బాధ్యులకు ఆంతరంగికంగా తెలిపారు. వెనువెంటనే, 2024 మార్చి 29వ తేదీన, రక్షణ విషయాలు చర్చించుకొనే బహిరంగ వేదిక మీద సమస్తం విప్పి వ్రాశారు. ఇట్టి లోపాలను బాగుచేసే గడువు వరకు గుట్టుగా ఉంచే ఆచారం ఆ సమాజాలలో ఉన్నది. లినక్స్ పంపిణీలవారు తమలో తాము మాట్లాడుకొనే వేదిక మీద ఆ గుట్టుకు పరమావధి 14 రోజులు. తెరిచిన ఇంటిలో కూడా తలుపు వేసుకొని మాట్లాడుకొనవలసిన వేళలు ఉంటాయని వారు ఒప్పుకొన్నారు. ఆ తలుపు ఎప్పుడు తెరవాలో ముందే తేదీ వ్రాసి పెట్టుకొన్నారు. మూసిన తలుపుకంటె భయంకరమైనది తెరిచే తేదీ లేని తలుపు. ఈ ఉదంతంలో ఆ రెండు వారాలైనా ఆగలేదు. దొంగ ఇంకా ఇంటిలోనే తాళాల గుత్తితో తిరుగుతున్నప్పుడు గుసగుసలతో పనిలేదు.

అదృష్టం ఏమిటంటే, విషం కలిసిన విడుదలలు ఇంకా పరీక్షాదశలో ఉన్న పంపిణీలలోకి, క్షణక్షణం మారే పంపిణీలలోకి మాత్రమే ప్రవేశించాయి. డెబియన్ వారి స్థిరమైన సంచికలోకి చేరలేదు. ఉబుంటు వారు తమ కొత్త సంచిక పరీక్షా ప్రతిని ఒక వారం వాయిదా వేసి, ఆ విషం చేరిన తరువాత కట్టిన మూటలన్నీ మళ్ళీ కట్టుకొన్నారు. మరికొన్ని నెలలు గడిచి ఉంటే ఆ దొడ్డితలుపు ఎన్ని దేశాల కార్యాలయాలలో, ఆసుపత్రులలో, హైదరాబాదు వంటి నగరాల కంప్యూటర్ శాలలలో అమరి ఉండేదో ఊహించుకొనవచ్చును.

ఇది తెరిచిన పద్ధతికి విజయమని పొంగిపోయినవారు ఉన్నారు. సోర్సు కోడు, మార్పుల చరిత్ర, పాత చర్చలు అన్నీ అందుబాటులో ఉండబట్టే ఒక్క మనిషి తన బల్ల దగ్గర కూర్చొని దొంగ అడుగుజాడలు రెండున్నర సంవత్సరాల వెనుకకు పట్టుకుపోగలిగారన్నది వారి మాట. ఇది తెరిచిన పద్ధతికి ఓటమి అని తల పంకించినవారూ ఉన్నారు. ఊరూ పేరూ తెలియనివానికి ఇంటి తాళాలు ఇచ్చే ఆచారం ఇంతకాలం సాగడమే వింత అని వారి మాట. ఇద్దరూ సగం సగం చూశారు. తెరిచి ఉండడం వల్ల దొంగ దొరికాడు, నిజమే. కాని ఆ తెరిచి ఉన్నదాన్ని రెండేళ్ళపాటు శ్రద్ధగా చదువుతూ వచ్చినవాడు కూడా ఆ దొంగ ఒక్కడే.

రెండవ పక్షంవారు వెంటనే చెప్పే మందు ఒకటున్నది: దిద్దుబాట్లు పంపేవారందరూ గుర్తింపు పత్రాలు చూపాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే 2021లో వివాదమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు, లోపాలున్న దిద్దుబాట్లను పట్టుకోగలరో లేదో చూద్దామని లినక్స్ కెర్నెల్ నిర్వాహకులకు కావాలని కొన్ని పంపారు. సంగతి బయటపడిన తరువాత, ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే దిద్దుబాట్లు ఇక తీసుకొనమని గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ప్రకటించారు. పరిశోధన చేసినవారు దొంగలు కారు. వారు పేరుగల విశ్వవిద్యాలయానికి చెందినవారే. అయినా కెర్నెల్ నిర్వాహకుల కాలం వ్యర్థమైనది, మనసు కష్టపడినది. గుర్తింపు పత్రం మనిషి ఎవరో చెబుతుంది. ఎందుకు వచ్చాడో చెప్పదు. ఏళ్ళ తరబడి నటించగల ఓపికా, దానికి కావలసిన ధనమూ ఉన్నవారికి దొంగ పత్రం సంపాదించడం కష్టమూ కాదు. ఆ అడ్డుగోడ ఆపేది ఎవరినంటే, పత్రం చూపితే ప్రాణభయం ఉన్న దేశంలో నివసించేవారిని. ఏ కంపెనీ పేరూ, ఏ పెద్ద విశ్వవిద్యాలయం పేరూ చెప్పుకొనలేని కుర్రవాణ్ణి. గుంటూరు నుంచి వచ్చిన దిద్దుబాటునూ, బెర్లిన్ నుంచి వచ్చిన దిద్దుబాటునూ పేరు చూడకుండా పనిని చూసి తూచే త్రాసు అది. తెలుగు అక్షరాలు కంప్యూటర్ తెరమీద సరిగా కుదురుకొనడానికి పనిచేసినవారిలో ఆ త్రాసు దగ్గరకే వచ్చి నిలబడినవారు ఉన్నారు. దానిని విరిచివేసి దొంగను పట్టుకొంటామనడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకొనడం వంటిది.

మరి ఏమి చేయాలి? ఆ ఉదంతం తరువాత చేయదగినవి కొన్ని చేశారు. విడుదల మూటలోని సరుకు, బహిరంగంగా ఉంచిన సరుకు ఒకటేనా అని యంత్రాల చేత పోల్చి చూపించే పద్ధతుల మీద శ్రద్ధ పెరిగింది. ఎస్ఎస్‌హెచ్ ద్వారానికి అనవసరంగా తగులుకొన్న బంధాలను తెంచారు. ఇవి తాళాలు, తాళాలు అవసరమే. కాని ఆ దొంగ లోపలికి వచ్చినది తాళం పగులగొట్టి కాదు. ఒక మనిషి ఒంటరిగా, జీతం లేకుండా, ఆరోగ్యం బాగుండక, ఇంకా ఎందుకు చేయలేదని అడిగేవారికి జవాబులు వ్రాసుకొంటూ కూర్చున్నాడు. సహాయం చేస్తానంటూ వచ్చినది ఒక్కరు. ఆ ఒక్కరూ దొంగ. ఆ నిర్వాహకుడు మోసపోయాడని నిందించినవారికి ఒక ప్రశ్న వేయవలసి ఉన్నది: ఆ సాధనాన్ని ఉచితంగా వాడుకొని కోట్లు గడించిన సంస్థలలో ఒక్కటైనా, ఆ 2022 వేసవిలో, జీతమిచ్చి ఒక నిజమైన మనిషిని ఆయనకు తోడు పంపి ఉంటే, ఆ నకిలీ తోడు ఆయనకు అంతగా అవసరమయ్యేదా? చెరువు నీరు ఊరంతా త్రాగుతుంది. గట్టు మీద మన్ను వేసే రోజున ఊరంతా పొలాలలో ఉంటుంది.

ఆ దొంగ అసలు ఎవరో, ఏ దేశపు వారో, ఒకరో పదిమందో ఈనాటికీ లోకానికి తెలియదు.

సంగతి బయటపడిన రోజులలో గిట్‌హబ్ వారు ఆ సాధనపు గృహాన్ని మూసివేశారు; నిర్వాహకుని ఖాతాను కూడా ఆ వేగంలో స్తంభింపజేశారు, తరువాత తిరిగి ఇచ్చారు. ఆయన పారిపోలేదు. తిరిగి వచ్చి, పేజీ పేజీ తిరగవేసి, అతిథి చేతి పనిని చూసుకొన్నారు. 2024 మే 29న దొడ్డిదారి లేని కొత్త విడుదల వెలువడింది. ఆ చరిత్రపుటల నుంచి జియా టాన్ పేరును చెరిపివేయలేదు. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు: అతడు పంపిన మంచి దిద్దుబాట్లు తేదీల వారీగా అట్లాగే ఉన్నాయి, వాటి మధ్య ఆ చెడు దిద్దుబాట్లు ఉన్నాయి, వాటి తరువాత ఎప్పుడో ఒక రోజున దొడ్డిదారిని తొలగించానని నిర్వాహకుడు తన చేతితో వ్రాసిన ఒక చిన్న వాక్యం ఉన్నది.